218లో ఒళ్ళోకి వచ్చిపడే బ్యాగులు, పిల్లలు

హైదరాబాద్‌లో పటాన్‌చెరు నుంచి కోఠి వెళ్ళే 218 నంబరు సిటీ బస్సును నేను కూకట్‌పల్లిలో ఎక్కుతాను. సీటు దొరికిందంటే ఒళ్ళో ఎవరిదో ఒకరి బ్యాగు ఉన్నట్టే. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు, ముక్కూమొహం తెలియని మనిషి "కాస్త పట్టుకోండి" అని సామాను చేతిలో పెట్టేస్తే బిత్తరపోతారు. టెన్షన్ పడకండి. నిలబడ్డవాళ్ళ బరువు కూర్చున్నవాళ్ళు మోయడం ఇక్కడ మామూలే.

తీసుకునేటప్పుడే "ఎక్కడ దిగుతారు?" అని అడగండి. మీది అమీర్‌పేట, ఆవిడది లక్డీకాపూల్ అయితే ఆ మాట అప్పుడే చెప్పేయాలి. మీరు లేచే వేళకు ఆవిడ తోపులాటలో ఎటు కొట్టుకుపోయి ఉంటుందో! లోపల టిఫిన్ బాక్సు ఉందా అని కూడా అడగండి. ఉంటే బ్యాగు నిలువుగా ఉండాలి. మొన్న నా పక్కావిడ ఒకరి బ్యాగును పడుకోబెట్టి పట్టుకుంది. ఎర్రగడ్డ దాటేసరికి పప్పుచారు కారి చీర కుచ్చిళ్ళ దాకా వచ్చింది. బ్యాగు గలావిడ కర్చీఫ్‌తో తుడుస్తూ "మూత లూజక్కా" అంటోంది. ఈవిడేమో చీర సంగతి వదిలేసి, "మరి మధ్యాహ్నం ఏం తింటావమ్మా?" అంది.

ఒళ్ళో బ్యాగులోంచి ఫోన్ మోగినా జిప్పు మీద చెయ్యి వేయొద్దు, బ్యాగునే పైకెత్తి అందించండి. ఇచ్చేవాళ్ళు కూడా ఆధార్ ముందే తీసి చేతిలో పెట్టుకోవాలి. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమే కానీ, కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి కదా. "కార్డు బ్యాగులో ఉంది, బ్యాగు మూడో సీట్లో ఉంది" అంటే కండక్టర్ ఎంతమంది కోసమని ఆగుతుంది?

పిల్లాణ్ణి అందిస్తే తల్లి మొహం కనిపించేలా కూర్చోబెట్టుకోండి. సగం ఏడుపు అక్కడే ఆగుతుంది. ముద్దొచ్చాడని చాక్లెట్ మాత్రం పెట్టకండి.

ఇక పిలుపు. ముప్పై అయిదేళ్ళావిణ్ణి "ఆంటీ" అన్నారో, జరగడం దేవుడెరుగు, దిగేదాకా మీవైపు గుర్రుగా చూస్తుంది. "అక్కా, జర జరుగుతారా" అంటే చాలు. మగవాళ్ళయితే అన్నా, భయ్యా.

కాలు తగిలితే అవతలి మనిషి భుజం తాకి కళ్ళకద్దుకోవడం మన అలవాటు. మగవాళ్ళు మాత్రం ఎదుట ఉన్నది ఆడమనిషయితే తాకకుండా, చెయ్యి తమ కళ్ళకు ఆనించుకుంటే సరిపోతుంది.

మెట్రోలో ఇవేవీ నడవవు. అక్కడ ఎవరి బ్యాగు వాళ్ళదే. వీపున ఉన్నదాన్ని ముందుకు తిప్పుకోండి. అమీర్‌పేటలో మియాపూర్-ఎల్బీనగర్ లైను, నాగోల్-రాయదుర్గం లైను కలుస్తాయి, దిగే జనం ఎక్కువ. తలుపు దగ్గర నిలబడితే మీ స్టేషన్ కాకపోయినా ఆ ఊపులో మిమ్మల్నీ దింపేస్తారు. మీరే ముందు దిగి, పక్కకు జరిగి, వాళ్ళంతా పోయాక మళ్ళీ ఎక్కండి.