డీవీడీ డ్రైవ్ కనిపించకపోతే ముందు మూత తీయండి

మొన్న బైరాగిపట్టెడలో మా పిన్ని వాళ్లింట్లో పెళ్లి డీవీడీ చూద్దామని కంప్యూటర్ ఆన్ చేస్తే డ్రైవే మాయం. ట్రే బయటికొస్తోంది, లైటూ వెలుగుతోంది. అంటే కరెంటు అందుతోంది, అనుమానమంతా డేటా కేబుల్ మీదే. ప్లగ్ పీకేసి, పక్క మూత విప్పి చూస్తే ఎర్రటి సాటా కేబుల్ (అదే డేటా కేబుల్) మదర్‌బోర్డు దగ్గర సగం ఊడి ఉంది. దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు! గట్టిగా లోపలికి నొక్కితే డ్రైవ్ వచ్చేసింది.

కేబుల్ బాగానే ఉండి, బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్ స్క్రీన్) డ్రైవ్ కనిపిస్తూ విండోస్‌లో మాత్రం లేకపోతే తేడా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నట్టు. విండోస్‌లో కంప్యూటర్ భాగాల జాబితా చూపించే డివైస్ మేనేజర్ తెరవండి. డ్రైవ్ పేరు పక్కన పసుపు గుర్తుంటే దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ కొట్టండి. డ్రైవర్‌ను, అంటే డ్రైవ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌ను, మళ్లీ విండోసే పెట్టుకుంటుంది, టెన్షన్ అక్కర్లేదు.