నెల్లూరులో పొలిటికల్ రిపోర్టింగ్: బైట్ కంటే ముందు కాగితం

పని మామూలుగా మండల కంట్రిబ్యూటర్‌గానో, టీవీ స్ట్రింగర్‌గానో మొదలవుతుంది. నెల జీతం ఉండదు. పేపరైతే లైన్ అకౌంట్ (అచ్చయిన లైన్లను బట్టి డబ్బు), టీవీ అయితే ప్రసారమైన స్టోరీకి ఇంత. పైగా యాడ్స్ టార్గెట్ నెత్తిన పడుతుంది. ఏ నాయకుడి మీద వార్త రాయాలో ఆయన్నే పుట్టినరోజు యాడ్ అడిగితే, ఆ బీట్ అక్కడితో సరి. తప్పనిసరైతే షాపులు, కాలేజీలు చూసుకోండి.

ముందు సరిహద్దులు నేర్చుకోవాలి. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉంది, ఓటు మాత్రం తిరుపతి లోక్‌సభకు. కందుకూరు ప్రకాశంలో ఉన్నప్పుడే, 2009 నుంచి నెల్లూరు లోక్‌సభ కింద ఉంది. నెల్లూరు జిల్లాలో కలిసింది 2022 ఏప్రిల్ 4న, 2025 చివర్లో మళ్లీ ప్రకాశంలో కలిపారు. జిల్లా గీతలు జీవోతో మారతాయి, నియోజకవర్గాలవి మాత్రం 2008 పునర్విభజనవే. ఈ రెండు లెక్కలూ కలిపేస్తే డెస్క్‌కు దొరక్కపోవచ్చు, చదివేవాళ్లకు దొరుకుతుంది.

ఉమ్మడి నెల్లూరులో 10 సీట్లూ 2019లో వైసీపీకి, 2024లో టీడీపీకి వెళ్లాయి. 'గాలి' అని రాసేస్తే ఒక్క లైనుతో అయిపోతుంది. ఏ ఊరు ఎటు జరిగిందో తెలియాలంటే ఫారం 20 కావాలి. ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది. పోస్టల్ బ్యాలెట్లు చివర విడిగా ఇస్తారు. రెండు ఎన్నికల షీట్లు పక్కపక్కన పెట్టేటప్పుడు బూత్ నంబరును నమ్మొద్దు. మధ్యలో బూత్‌లను విడగొడతారు, కలుపుతారు, నంబర్లు జరిగిపోతాయి. ఊరు, బడి పేరు చూసి జత చేయాలి.

అభ్యర్థి నామినేషన్‌తో ఆస్తులు, అప్పులు, కేసులు చెబుతూ ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌నూ ఇలాగే చదవాలి. 'ఆస్తి మూడింతలు' అన్న హెడ్డింగ్ చాలాసార్లు తప్పవుతుంది. కొత్తగా ఏమీ కొనకపోయినా పాత భూమికి మార్కెట్ విలువ పెరిగి ఉండొచ్చు. సర్వే నంబర్లు పోల్చండి; కొత్తది కనిపిస్తేనే వార్త. అప్పులు, కేసుల పేజీలు వదలొద్దు.

కొలతల దగ్గరా జాగ్రత్త. ఇక్కడ రైతు ధాన్యం ధర చెప్పేది పుట్టి మీద, అంటే 850 కిలోలు. మద్దతు ధర క్వింటాలుకు. పుట్టి ధరను 8.5తో భాగించకుండా రెండూ పక్కపక్కన రాస్తే వార్త మొత్తం అబద్ధమైపోతుంది. స్థలాల ఆరోపణల్లో వచ్చే అంకణం నెల్లూరులో 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. ఇతర ఎడిషన్ల డెస్కులకు ఇది తెలియదు, కాపీలోనే రాసివ్వండి. సాగునీటి సలహా మండలి సమావేశంలో జరిగేదీ రాజకీయమే. సోమశిల జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలు, కండలేరుది 68. నాయకులు సామర్థ్యం చెబుతారు. మీరు ఇరిగేషన్ ఆఫీసులో ఆరోజు నిల్వ, తాగునీటికి ఆపేది, చెన్నైకి వెళ్లేది అడిగి, ఆయకట్టుకు మిగిలేది రాయాలి.

టీవీకైతే ఫోన్ అడ్డంగా పట్టి, ప్రతి షాట్ కదలకుండా 10 సెకన్లు తీయండి: వైడ్, మిడ్, క్లోజ్. వాట్సాప్‌లో వీడియోగా పంపితే క్వాలిటీ పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. నాయకుడి ముందు ఛానల్ లోగో ఉన్న మైకు పెట్టేసి పక్కకు వెళ్లి కబుర్లు చెప్పుకునే అలవాటు ఈ వృత్తికి పట్టిన తెగులు. అసలు మాట బైట్ (కెమెరా ముందు చెప్పే మాట) చివర్లోనే వస్తుంది.

ప్రెస్‌మీట్‌లో ఒకరు ఇంకొకరిని దొంగ అంటే, 'ఆయనే అన్నారు' అన్నంత మాత్రాన మీకు రక్షణ లేదు. పరువు నష్టం 2024 జులై 1 నుంచి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 356 కిందికి వచ్చింది. అవతలి పక్షానికి ఫోన్ చేయండి. ఎత్తకపోతే ఏ టైముకు చేశారో నోట్‌బుక్‌లో రాసుకుని, మెసేజ్ కూడా పెట్టండి.

పోలింగ్ ముగిసే గంటకు ముందు 48 గంటలు టీవీలో ఎన్నికల ప్రచారాంశం చూపకూడదు. అది ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్. ఆ టైములో లోకల్ నాయకుడి ఫోనో (ఫోన్‌లో లైవ్ మాట) కలిపేముందు ఓటు అడగొద్దని ఆయనకు చెప్పాల్సింది రిపోర్టరే. నోరు జారితే లైన్ కట్ చేయమని యాంకర్‌కూ ముందే చెప్పి ఉంచండి.