ఆ రంగుల టైట్స్ మళ్లీ కుట్టుకుందాం

నా బీరువా అడుగు అరలో కొండ ఎక్కేటప్పుడు వేసుకునే, ఒంటికి అతుక్కుని సాగే ఒక జత టైట్స్ ఉంది. ఎడమ కాలు గులాబీ రంగు, కుడి కాలు నెమలికంఠం రంగు, రెండు పక్కలా నడుము నుంచి చీలమండ దాకా నల్లటి మెరుపుగీత. 1988లో మెటలర్జీ చదవడానికి విజయనగరం నుంచి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వచ్చాను. ఆ చలికాలం ఒక షాపులో తగ్గింపు ధరల బుట్టలో దొరికాయివి. ఇప్పుడు పట్టి లాగితే లోపలి దారాలు చిటచిటమంటాయి, సాగినచోటే ఉండిపోతాయి. అందుకే వాటిని తొడగడం మానేసి, వాటిని చూసి కొత్తవి కుట్టుకుంటున్నాను. ఇప్పటికి తొమ్మిది జతలు కుట్టాను. ఎలా కుట్టాలో చెబుతాను.

ముందు ఆ బట్టల మీద నాకెందుకింత ప్రేమో చెప్పాలి. కొండ ఎక్కడం నేను చూసి నేర్చుకున్నాను. షెఫీల్డ్‌కు దగ్గర్లోనే రేవెన్ టోర్ అని ముందుకు వంగిన పెద్ద సున్నపురాయి గోడ ఉంది. అక్కడ నాలాంటి కొత్తవాడు ఎక్కగలిగే దారి లేదు, చూడ్డానికే వెళ్లేవాణ్ని. ఒక రోజు పసుపు టైట్స్ వేసుకున్న ఒకమ్మాయి ఎక్కుతోంది. ఆమె చెయ్యి చాచే ముందు ప్రతిసారీ ఒక మోకాలు లోపలికి తిప్పి, తుంటిని రాయికి ఆనించేది. అప్పుడు చెయ్యి ఒక జానెడు ఎక్కువ అందేది. ఆ కదలిక అంతా తుంటి నుంచి బొటనవేలి దాకా నాకు కింది నుంచి కనపడింది. వదులు ప్యాంటులో ఉంటే అది చూసేవాణ్నే కాదు. మర్నాడు ఒక చిన్న రాయి దగ్గర మోకాలు అలాగే తిప్పి చూశాను. చెయ్యి అందింది.

1970లలో అమెరికాలోని యోసెమిటీలో గోడలకు రంగులు వేసేవాళ్ల తెల్ల ప్యాంట్లు వేసుకుని ఎక్కేవాళ్లు. అంతకు ముందు యూరప్‌లో మోకాళ్ల దాకా ఉండే మందపాటి ఉన్ని ప్యాంట్లు ఉండేవి. 80లలో ఆట మారింది. రాయికి అతుక్కునే రబ్బరు బూట్లు వచ్చాయి, కాలు ఛాతీ ఎత్తుకు లేపి పెట్టాల్సిన దారులు వచ్చాయి. 1985లో ఇటలీలోని బార్డొనేకియాలో పోటీలు పెట్టారు. అక్కడ జర్మనీ కుర్రాడు స్టెఫాన్ గ్లోవాక్స్, ఫ్రాన్స్ అమ్మాయి కేథరీన్ డెస్టివెల్ గెలిచారు. 1989లో మొదటి ప్రపంచ కప్ పోటీ మా పక్క ఊరు లీడ్స్‌లోనే జరిగింది, మన షెఫీల్డ్ మనిషి జెర్రీ మాఫట్ గెలిచాడు. ('మన' అని అప్పుడే అలవాటైపోయింది.) వేల మంది చూస్తుండగా ఎక్కే ఆటకు వేలమందికి కనపడే బట్టలు కావాలి కదా. 90లు వచ్చేసరికి వదులు నిక్కర్లు, జీన్సు వచ్చి ఆ రంగులన్నీ పోయాయి.

ఇక పని.

బట్ట. డాన్స్ డ్రెస్సులు, ఈత దుస్తులు కుట్టేవాళ్లు కొనే నైలాన్ లైక్రా బట్ట కావాలి. సుమారు 80 శాతం నైలాన్, 20 శాతం లైక్రా ఉండాలి. కాటన్ లైక్రా వద్దు, చెమటకు బరువెక్కి మోకాళ్ల దగ్గర సంచుల్లా వేలాడుతుంది. లైక్రాను 1958లో అమెరికాలో డుపాంట్ కంపెనీ కెమిస్టు జోసెఫ్ షివర్స్ కనిపెట్టాడు. రబ్బరులా సాగుతుంది కానీ అంతకంటే సన్నం, గట్టి. షాపులో మూడు పరీక్షలు చెయ్యండి. నాలుగంగుళాల బట్టను అడ్డంగా లాగండి, ఆరంగుళాలు దాటి సాగాలి. నిలువుగా లాగండి, దాదాపు అంతే సాగాలి. వదిలేస్తే వెంటనే నాలుగంగుళాలకు తిరిగి రావాలి. మూడోది, పిడికిలి మీద బిగించి వెలుతురులో చూడండి. లోపలి చర్మం కనపడితే ఆ బట్ట అక్కడే పెట్టేసి రండి. లేత రంగులతో ఈ తిప్పలు ఎక్కువ.

రంగులు మాత్రం ధైర్యంగా ఎంచుకోండి. రెండు కాళ్లూ రెండు రంగులైతే కింద తాడు పట్టుకున్నవాళ్లకు ఏ కాలు ఎక్కడుందో ఒక్క చూపులో తెలుస్తుంది. గోధుమ, బూడిద రంగులు రాయిలో కలిసిపోతాయి, నేను ఎప్పుడూ కొనను. తొడ లోపలి వైపు ముదురు రంగు పెట్టండి, రాపిడి మరకలన్నీ అక్కడే పడతాయి.

కొలతలు. మామూలు ప్యాంటుకు ఒంటి కొలత మీద కొంచెం కలుపుతాం, ఇక్కడ తగ్గిస్తాం. చుట్టుకొలతలన్నీ పదో వంతు తగ్గించండి. తుంటి 37 అంగుళాలైతే బట్ట 33. తొడ 21 అయితే 19. పొడవు మాత్రం తగ్గించొద్దు. నేను కుట్టిన మొదటి జతకు పొడవు కూడా తగ్గించాను. కాలు ఎత్తిన ప్రతిసారీ నడుము కిందికి జారి, గోడ మీద ఉన్నంతసేపూ అదే టెన్షన్. వెనక భాగం ముందు భాగం కంటే రెండంగుళాలు ఎత్తుగా ఉండాలి. గొంతుక్కూర్చున్నప్పుడు వీపు దగ్గర బట్ట ఎంత కావాలో టేపు పెట్టి చూసుకోండి, నా మాట నమ్ముతారు.

ప్యాటర్న్ గీయడం రాకపోతే మీకు సరిగ్గా సరిపోయే పాత లెగ్గింగ్స్‌ను మధ్యకు మడిచి న్యూస్‌పేపర్ మీద పరిచి, చుట్టూ గీత గీసి, కుట్టు కోసం అన్ని వైపులా పావంగుళం వదలండి. ఒక్కో కాలికి ఒకే ముక్క. అది సరిగ్గా వచ్చాక ఆ కాగితాన్నే నిలువుగా కోసి రంగు పట్టీలు పెట్టుకోవచ్చు. కోసిన ప్రతి అంచుకూ మళ్లీ పావంగుళం కలపడం మర్చిపోవద్దు. ఈ రంగు పట్టీల కుట్టు, తాడు కట్టుకునే హార్నెస్ నడుము బెల్టు కిందకు, తొడల చుట్టూ వచ్చే దాని పట్టీల కిందకు అడ్డంగా రాకుండా చూసుకోండి. గంట సేపు తాడు మీద వేలాడితే అది చర్మంలో అచ్చు పడుతుంది.

రెండు కాళ్లు కలిసే చోట నాలుగు కుట్లు ఒకే బిందువులో కలిస్తే, పెద్ద అడుగు వేసినప్పుడు మొదట తెగేది అదే. అందుకని ఆ నాలుగు మూలలూ రెండేసి అంగుళాలు కోసేసి, ఆ ఖాళీలో డైమండ్ ఆకారపు ముక్క పెట్టండి. దాని ఒక్కో అంచు ఆ కోత పొడవుకు సమానంగా ఉండాలి. నా పాత టైట్స్‌లో ఇది ఉంది, అందుకే అవి అన్నేళ్లు నిలిచాయి.

కుట్టడం. ఇది నాకు నేర్పింది మా నాన్న. ఆయన విజయనగరంలో టైలరు. ఆ గులాబీ టైట్స్‌లో దిగిన ఫోటో ఇంటికి పంపితే అమ్మ చలికి చాలవేమోనని దిగులు పడింది. నాన్న మాత్రం ఏరోగ్రామ్ ఉత్తరంలో ఒకే ప్రశ్న రాశాడు: "ఈ బట్టకు ఏ కుట్టు వేశారు?" 1991లో సెలవులకు వెళ్లినప్పుడు తీసుకెళ్లి ఆయన చేతికిచ్చాను. లోపలి వైపుకు తిప్పి, కిటికీ దగ్గర కూర్చుని, ప్రతి కుట్టూ గోటితో లాగి చూశాడు. తర్వాత తన ఉషా కాలుమిషన్ మీద ఈత డ్రెస్సు బట్ట ముక్కతో మొదలుపెట్టాడు. నేరు కుట్టు వేస్తే బట్ట సాగగానే దారం టప్పున తెగింది. సాయంత్రానికి దారి దొరికింది. కుట్టేటప్పుడు సూదికి ముందు ఒక చెయ్యి, వెనక ఒక చెయ్యి పెట్టి బట్టను కొద్దిగా లాగి పట్టుకుని కుట్టాడు. వదిలేయగానే కుట్టు దగ్గరకు ముడుచుకుంది, మళ్లీ లాగితే బట్టతో పాటే సాగింది.

మీ మిషన్‌కు జిగ్‌జాగ్ ఉంటే అదే వాడండి, సన్నగా, ఒక మిల్లీమీటరు వెడల్పుతో. నేరు కుట్టు మిషనే ఉంటే నాన్న పద్ధతి. బాబిన్‌లో సాగే నైలాన్ దారాన్ని చేత్తో వదులుగా చుట్టి పెడితే ఇంకా మంచిది. పై దారం పాలియెస్టర్, కాటన్ దారం తెగిపోతుంది. సూది తప్పకుండా లైక్రాకు అమ్మే స్ట్రెచ్ సూదే కావాలి. మామూలు సూది దారాలను పొడిచి తెంపుతుంది, కుట్టు మధ్యలో గంతులేస్తుంది. ముందు మిగిలిన ముక్క మీద ఒక జానెడు కుట్టి, బలంగా లాగి, తెగకపోతేనే అసలు బట్ట ముట్టుకోండి.

మొదట రంగు పట్టీలు కలపండి. తర్వాత ముందు మధ్య కుట్టు, వెనక మధ్య కుట్టు. తర్వాత డైమండ్ ముక్క. కాళ్ల లోపలి కుట్టు చివర్లో. నడుముకు అంగుళం ఎలాస్టిక్ చాలు. అంతకంటే మందం వద్దు, దాని మీదే బెల్టు కూర్చోవాలి. అరికాలి కింద పట్టీ పెట్టొద్దు, బూటు లోపల ముడత పడి పాదం జారుతుంది.

ఒక జాగ్రత్త ప్రాణానికి సంబంధించింది. ఈ బట్ట జారుడుగా ఉంటుంది. బెల్టు తుంటి ఎముకల పైన, నడుము దగ్గర బిగించాలి. కిందికి లాగితే జారకూడదు. ప్యాంటు మీద సరిపోయిన బిగింపు దీని మీద వదులవుతుంది, కాబట్టి కట్టుకున్న ప్రతిసారీ లాగి చూడండి.

ఎక్కడ వేసుకోవాలి? నున్నటి సున్నపురాయి, ఇండోర్ గోడలు వీటికి సరైన చోటు. షెఫీల్డ్ దగ్గరున్న మా స్టానేజ్‌లోని గరుకు ఇసుకరాయి పగుళ్లలో మోకాలు దూర్చితే ఒక్క పూటలో చిరుగుతాయి. భువనగిరి గ్రానైట్ మీద ఎక్కేవాళ్లు మోకాళ్ల దగ్గర రెండో పొర వేసి కుట్టుకోండి.

ఉతకడం చన్నీళ్లలో, చేత్తో. బ్లీచింగ్, కంఫర్ట్ లాంటివి వద్దు. డ్రయ్యరు, ఇస్త్రీ అసలే వద్దు, వేడికి లైక్రా చచ్చిపోతుంది. నీడలో ఆరేయండి. షాపులో కొన్న ఆ పాత జతను ఏళ్ల తరబడి హీటర్ మీద ఆరేశాను. ఇప్పుడు వినపడే ఆ చిటచిట దాని ఫలితమే.

చీలమండ దగ్గర అంచు మాత్రం ఇంట్లో మడిచి కుట్టేయకండి. అలాగే వదిలేసి ఒక రోజు ఎక్కి రండి. ఎక్కడ పట్టేసిందో, ఎక్కడ ముడత పడిందో, కాలు ఎత్తితే అంచు ఎంత పైకి పోయిందో గోడ కిందే గుర్తు పెట్టుకోండి. దానికి సుద్ద వెతుక్కోనక్కర్లేదు, పట్టు జారకుండా చేతులకు రాసుకునే సుద్ద నడుముకు వేలాడే సంచిలోనే ఉంటుంది.