కంప్యూటర్ ధ్వనిని స్మార్ట్ స్పీకర్‌లో వినడం ఎలా?

ల్యాప్‌టాప్‌లో అమర్చిన చిన్న స్పీకర్లు మాటలు వినడానికి సరిపోతాయి గానీ, మృదంగం తని ఆవర్తనం వినాలనుకున్నవారికి వాటిలో సగం నాదం కూడా అందదు. ఇంట్లో ఎకో, నెస్ట్, హోమ్‌పాడ్ వంటి స్మార్ట్ స్పీకర్ ఇప్పటికే ఉంటే, కొత్తగా ఏమీ కొనకుండా దాన్నే కంప్యూటర్ స్పీకరుగా వాడుకోవచ్చు.

అయితే ఏం వినబోతున్నారో ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ఏ మార్గం ఎంచుకోవాలన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. బ్లూటూత్‌తో కలిపితే పాటలు, సినిమాలు, మెయిల్ వచ్చినప్పుడు మోగే గంట సహా కంప్యూటర్ ధ్వని అంతా స్పీకర్‌కు వెళ్తుంది. క్రోమ్ బ్రౌజర్ నుంచి నెస్ట్‌కు వై-ఫై ద్వారా కాస్ట్ చేస్తే, అంటే బ్రౌజర్‌లోని ధ్వనిని నేరుగా స్పీకర్‌కు పంపితే మాత్రం మీరు ఎంచుకున్న ఒక్క ట్యాబ్ శబ్దమే వెళ్తుంది. గంటల తరబడి సంగీతమో ప్రవచనమో వినేవారికి ఈ రెండోదే మేలు.

విండోస్ 11 నుంచి ఎకోకు బ్లూటూత్

మొదట స్పీకర్‌ను జత కలిసే స్థితిలోకి తేవాలి. ఎకో దగ్గర నిలబడి, అందులోంచి బదులు పలికే సహాయకురాలు అలెక్సాను పిలుస్తూ ఇంగ్లీషులో ‘అలెక్సా, పెయిర్’ అనండి. తాను వెతుకుతున్నట్టు అలెక్సా బదులు చెప్పగానే కంప్యూటర్ వైపు తిరగండి. విండోస్ కీ, ఐ కీ కలిపి నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటుంది. అందులో బ్లూటూత్ అండ్ డివైసెస్‌లోకి వెళ్లి, బ్లూటూత్ ఆన్‌లో ఉందో లేదో చూసి, యాడ్ డివైస్ నొక్కి, వచ్చిన వాటిలో బ్లూటూత్‌ను ఎంచుకోండి. కొద్ది క్షణాల్లో జాబితాలో ‘ఎకో డాట్’ అన్న పేరు, దాని పక్కన గీత, ఆ తర్వాత కొన్ని అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. దాని మీద నొక్కితే జత కుదురుతుంది, ఆ సంగతి అలెక్సా కూడా పైకి చెబుతుంది.

పేరు జాబితాలోకి రాకపోతే స్పీకర్‌లో లోపం ఉందనుకోనక్కర్లేదు. విండోస్ 11 మామూలుగా కొన్ని రకాల పరికరాలనే చూపిస్తుంది. అదే సెట్టింగ్స్ పేజీలో డివైసెస్ విభాగం కింద ఉండే బ్లూటూత్ డివైసెస్ డిస్కవరీని డిఫాల్ట్ నుంచి అడ్వాన్స్‌డ్‌కు మార్చి మళ్లీ వెతకండి. డెస్క్‌టాప్ కంప్యూటర్లు కొన్నింటిలో బ్లూటూత్ అసలే ఉండదు కాబట్టి వాటికి యూఎస్‌బీ డాంగిల్, అంటే యూఎస్‌బీ రంధ్రంలో పెట్టే చిన్న బ్లూటూత్ పరికరం అవసరమవుతుంది.

జత కుదిరాక కూడా పాట ల్యాప్‌టాప్‌లోనే మోగుతుంటే, ధ్వని ఎటు వెళ్లాలో విండోస్‌కు మీరే చెప్పాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సౌండ్ తెరిచి, అవుట్‌పుట్ కింద ఎకో పేరును ఎంచుకోండి. అక్కడే కిందికి వెళ్తే వాల్యూమ్ మిక్సర్ ఉంటుంది. ప్రస్తుతం నడుస్తున్న ఒక్కో యాప్‌కు ఒక్కో అవుట్‌పుట్ ఇవ్వగలిగే ఈ సదుపాయం చాలామంది కంట పడదు గానీ ఎంతో పనికొస్తుంది: పాటల యాప్‌ను ఎకోకు, మిగిలినవన్నీ ల్యాప్‌టాప్‌కు కేటాయిస్తే మెయిల్ గంట కచేరీ మధ్యలోకి రాదు.

మర్నాడు మళ్లీ వినాలంటే ఇదంతా మొదటినుంచి చేయనక్కర్లేదు. ‘అలెక్సా, కనెక్ట్’ అంటే చివరగా జత చేసిన పరికరంతో అదే కలుస్తుంది, ‘అలెక్సా, డిస్‌కనెక్ట్’ అంటే విడిపోతుంది. ఈ రెండో మాట మరిచిపోకండి. ఎకో ఒకసారికి ఒక్క బ్లూటూత్ పరికరంతోనే కలుస్తుంది కాబట్టి, మీ ల్యాప్‌టాప్ దాన్ని పట్టుకుని ఉన్నంతసేపూ ఇంట్లో మరొకరి ఫోన్‌కు అది దొరకదు.

పెదవులకూ మాటలకూ పొత్తు కుదరకపోతే

బ్లూటూత్‌లో ధ్వనిని కుదించి, గాలిలో పంపి, అవతల మళ్లీ విప్పాలి గనుక కొంత ఆలస్యం తప్పదు. పాట వింటున్నప్పుడు అది తెలియదు, సినిమా చూస్తున్నప్పుడు మాత్రం నటుడి పెదవులు ముందు కదిలి, మాట తర్వాత వినబడుతుంది. వీఎల్‌సీ ప్లేయర్ వాడేవారు విండోస్‌లో జే కీ నొక్కితే, నొక్కినప్పుడల్లా ధ్వని 50 మిల్లీసెకన్లు ముందుకు జరుగుతుంది, కే కీ నొక్కితే వెనక్కి వెళ్తుంది. మాట పెదవులతో కలిసేవరకూ ఒక్కో నొక్కు నొక్కుతూ చూడండి. 2020లో వచ్చిన నాలుగో తరం ఎకో మీ దగ్గర ఉంటే అంతకన్నా మంచి మార్గముంది: దాని వెనుక ఉన్న 3.5 మిల్లీమీటర్ల రంధ్రాన్ని వైరుతో కంప్యూటర్‌కు కలిపి, అలెక్సా యాప్‌లో ఆ రంధ్రాన్ని లైన్ ఇన్‌గా (బయటి ధ్వనిని లోపలికి తీసుకునేదిగా) మార్చుకుంటే బ్లూటూత్ వల్ల కలిగే ఆలస్యం ఉండదు.

ఆన్‌లైన్ సమావేశాలకు, తరగతులకు మాత్రం ఈ ఏర్పాటు వద్దనే నా గట్టి సలహా. బ్లూటూత్‌లో ఎకో కంప్యూటర్‌కు మైకుగా పనిచేయదు, ల్యాప్‌టాప్ మైకే వాడాలి. అప్పుడు స్పీకర్‌లోంచి ఆలస్యంగా వచ్చే మాటలను ఆ మైకు పట్టుకుని వెనక్కి పంపితే, అవతలివారికి వాళ్ల గొంతే వాళ్లకు మళ్లీ వినబడవచ్చు. వాటికి ఇయర్‌ఫోన్లే సరి.

వై-ఫై మార్గం

గూగుల్ నెస్ట్ ఉన్నవారు వినదలచిన పేజీని క్రోమ్‌లో తెరిచి, కుడివైపు పైన ఉన్న మూడు చుక్కల మెనూలో కాస్ట్, సేవ్ అండ్ షేర్‌లోకి వెళ్లి కాస్ట్ ఎంచుకుని, సోర్సెస్ దగ్గర ట్యాబ్ అని పెట్టి, స్పీకర్ పేరు మీద నొక్కితే చాలు. మ్యాక్, హోమ్‌పాడ్ ఉన్నవారి పని ఇంకా తేలిక: కంట్రోల్ సెంటర్‌లో సౌండ్ తెరిచి హోమ్‌పాడ్ పేరును ఎంచుకోవాలి. కానీ హోమ్‌పాడ్ బ్లూటూత్ ద్వారా పాటలు స్వీకరించదు కాబట్టి, విండోస్ ల్యాప్‌టాప్ ఉన్నవారు స్పీకర్ కొనేముందే ఈ విషయం చూసుకోవాలి.

వై-ఫై మార్గంలో స్పీకర్ పేరు కనబడకపోవడమే తరచుగా ఎదురయ్యే చిక్కు. కంప్యూటర్, స్పీకర్ రెండూ ఒకే వై-ఫై నెట్‌వర్క్‌లో ఉన్నాయా అని ముందు చూడండి. ఒకటి గెస్ట్ నెట్‌వర్క్‌లో (అతిథుల కోసం విడిగా పెట్టే వై-ఫైలో) ఉంటే రెండింటికీ సంబంధం కుదరదు. నెట్‌వర్క్ ఒకటే అయినా కనబడలేదంటే, ఆఫీసు పనికోసం పెట్టుకున్న వీపీఎన్ (కంప్యూటర్ ఇంటర్నెట్ రాకపోకలను వేరే సురక్షిత దారిలో నడిపే యాప్) నడుస్తోందేమో చూసి, దాన్ని ఆపి మళ్లీ వెతకండి. అప్పటికీ రాకపోతే రౌటర్ సెట్టింగ్స్‌లో ఏపీ ఐసొలేషన్ అన్నది ఆన్‌లో ఉందేమో పరిశీలించి ఆఫ్ చేయండి. ఒకే వై-ఫైలోని పరికరాలు ఒకదానికొకటి కనబడకుండా అడ్డుపడేది అదే.