థైరాయిడ్ రిపోర్టు చదవడం: 4వ పాఠం – యాంటీ టీపీఓ

ముందు పోయినసారి ఇచ్చిన ఇంటి లెక్క: ఈ రిపోర్టు ఏం చెబుతోందో రాయమన్నాను. మన పోలికలో ఎద్దంటే మెడలోని థైరాయిడ్ గ్రంథి, ములుగర్రంటే దాన్ని పని చెయ్యమని తోలే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 అంటే ఆ గ్రంథి తయారు చేసే హార్మోను. టీఎస్‌హెచ్ 9.8, ఫ్రీ టీ4 మామూలు. "ఎద్దు ఇంకా నడుస్తోంది గానీ ములుగర్ర పోట్లు ఎక్కువయ్యాయి" అన్న అర్థం వచ్చేలా రాసుకుంటే మీ జవాబు సరైనదే. ఆ ఎద్దుకి అలుపెందుకొచ్చిందో చెప్పే వరస, యాంటీ టీపీఓ, ఈరోజు చూద్దాం.

మా ల్యాబ్ శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గర. ఓ పొద్దున్న పలాస నుంచి వచ్చిన ఒకావిడ కాగితం బల్ల మీద పరిచింది. "ఏటి బాబూ, ఐదొందల అరవై అని ఉంది. ముప్పైనాలుగు దాటకూడదట. ఇంక నా పనయిపోనట్టేనా?"

అవలేదు. టీపీఓ అంటే థైరాయిడ్ పెరాక్సిడేజ్, అయోడిన్‌తో హార్మోను తయారు కావడానికి గ్రంథి వాడుకునే ఎంజైము. ఒంట్లోని కాపలాదారులు దాన్ని పరాయిదనుకుంటే దాని మీద యాంటీబాడీలనే ప్రోటీన్లు పుడతాయి. వాటినే యాంటీ టీపీఓ అంటాం. జపాన్ సర్జన్ హకారు హషిమోతో 1912లోనే నలుగురు ఆడవాళ్ల గ్రంథుల నిండా లింఫోసైట్లు (ఆ కాపలా పని చేసే తెల్ల కణాలు) చేరి ఉండడం గమనించి రాశాడు. అలాంటి రోగుల రక్తంలో సొంత గ్రంథి మీదే యాంటీబాడీలున్నాయని లండన్‌లో రాయిట్, డోనియాక్ బృందం చూపించింది మాత్రం 1956లో.

గ్రంథిని తినేసే పని ఎక్కువగా ఆ లింఫోసైట్లది. యాంటీబాడీ పొగలాంటిది. పొగ ఉంటే లోపల నిప్పుందని తెలుస్తుంది, ఇల్లెంత కాలిందో తెలీదు. అది టీఎస్‌హెచ్ చెప్పాలి. మాత్ర మోతాదూ దాన్నిబట్టే. ఆ సర్జన్ పేరే పెట్టిన హషిమోతో జబ్బు ఉన్నవాళ్లలో నూటికి దాదాపు 90 మందికి యాంటీ టీపీఓ కనిపిస్తుంది. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ పదిమందిలో ఒకరికి ఉంటుంది. అలాంటివాళ్లకి మాత్ర అక్కర్లేదు, ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూసుకుంటే చాలు.

ఒంట్లో ఇంత గొడవ జరుగుతుంటే వాపుని పట్టిచ్చే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ పెరగొద్దా అని అడుగుతారు. హషిమోతోలో అవి సాధారణంగా కదలవు. మెడ నొప్పి, జ్వరం ఉండి ఈఎస్‌ఆర్ బాగా పెరిగితే అది వేరే కథ, సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్ (గ్రంథికి నొప్పితో వచ్చే మరో రకం వాపు) కావచ్చు.

ఇక నేను చేసిన తప్పు. కొత్తలో ఒకామె 900 ఉన్న పాత కాగితం, 400 ఉన్న కొత్త కాగితం తెచ్చింది. "సగానికి సగం దిగిందమ్మా" అనేశాను. ఆమె మొహం వెలిగిపోయింది. ఆమె వెళ్లాక చూశాను: మొదటి దాంట్లో పై హద్దు 60, రెండో దాంట్లో 9. కిట్లు వేరు. మన ఊరి కుంచంతో కొలిచిన వడ్లని పక్కూరి కుంచం లెక్కతో పోల్చినట్టయింది. అప్పట్నుంచి అంకె కంటే ముందు దాని పక్కనున్న హద్దు చదువుతాను. అసలు ఒకసారి పాజిటివ్ అని తేలాక ఈ పరీక్ష మళ్లీ మళ్లీ చేయించడం దండగ. ల్యాబువాణ్ణి నేనే చెప్తున్నా.

గ్రంథి అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బులో వచ్చే టీఆర్‌ఏబీ అనే ఇంకో యాంటీబాడీ సంగతి వేరు. మందు ఆపేముందు దాని అంకె చూడాల్సిందే. అది 5వ పాఠం.

ఇంటి లెక్క: వయసు 28, టీఎస్‌హెచ్ 2.6, యాంటీ టీపీఓ 210, పై హద్దు 34. కాగితం మూల చేత్తో "రెండో నెల" అని రాసుంది. ఆ రెండు మాటలు పైన చెప్పినదాంట్లో దేన్ని మారుస్తాయో రాసి ఉంచండి.