క్యాంపస్ నీటి లెక్క – 3వ పాఠం: రాత్రి ట్యాంకు పరీక్ష

పోయిన పాఠంలో ఒక హాస్టలు భవనం ఎంచుకుని, బోరు నుంచి సంపుకు, సంపు నుంచి పైట్యాంకుకు, అక్కడి నుంచి బాత్రూములకు దిగే పైపుల పటం గీశాం. గేట్‌వాల్వులన్నిటికీ పటంలో నంబర్లు పడ్డాయా? పడకపోతే ముందు ఆ పని ముగించండి. ఏ వాల్వు ఏ లైనుదో తెలియకుండా కొలిస్తే నిద్ర చెడడం తప్ప ఫలితం ఉండదు.

ఈ వారం రాబట్టాల్సింది ఒకే ఒక్క అంకె. ఎవరూ వాడనప్పుడు భవనంలో గంటకు ఎన్ని లీటర్లు పోతున్నాయి? జట్టులో ఫిజిక్సు వాళ్లున్నా, కామర్సు, సోషియాలజీ, తెలుగు వాళ్లున్నా, ఆ అంకె తీసే రాత్రి అందరూ మేడ మీదే ఉండాలి. కొలిచేది సైన్సు వాళ్లు, రాసేది ఆర్ట్సు వాళ్లు అని పంచుకుంటే చివరికి మిగిలేది ఎవరి అధ్యాయం వాళ్లు రాసి కలిపి కుట్టిన పుస్తకం. మన తిరుపతిలో దీనికి ఇంకో చిక్కుంది. వ్యవసాయం, పశువైద్యం, సంస్కృతం, మహిళా విశ్వవిద్యాలయం, ఎస్వీ యూనివర్సిటీ అన్నీ ఒకే ఊళ్లో ఉన్నా ఎవరి ప్రహరీ వాళ్లదే. ఐఐటీ, ఐసర్ అయితే ఏర్పేడు వైపు. వేరే క్యాంపస్ వాళ్లను జట్టులో చేర్చుకుంటే రాత్రి హాస్టల్లో ఉండేందుకు వార్డెను అనుమతి కాగితం ముందే తీసుకోండి.

కావాల్సినవి: స్టీలు టేపు, ఫోనులో గడియారం, టార్చి, నోటుబుక్కు, రెండు మీటర్ల పారదర్శక ప్లాస్టిక్ ట్యూబు, దాన్ని బిగించడానికి క్లిప్పు.

ట్యూబు ఎందుకంటే, రాత్రిపూట నిచ్చెనెక్కి ట్యాంకు మూత తీసి వంగి చూడటం ప్రమాదం. ఆ పని ఎవరూ చేయొద్దు. ట్యాంకు అడుగున కడుగునీళ్లు వదిలే కుళాయికి పగలే ట్యూబు తొడిగి, పై కొస తెరిచి ఉంచి, ట్యాంకు గోడ వెంట నిలువుగా కట్టండి. కుళాయి తిప్పితే ట్యాంకులో ఎంత మట్టం ఉందో ట్యూబులోనూ అంతే నిలుస్తుంది. పక్కన టేపు అంటించి చదువుకోవడమే. ట్యాంకు ట్యూబు పొడవుకన్నా ఎత్తైతే, నీళ్లు ట్యూబు పై కొసకు కిందికి దిగాకే కుళాయి తిప్పండి. ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. ట్యూబులో గాలిబుడగ చిక్కుకుంటే మట్టం తప్పు చూపిస్తుంది, వేలితో తట్టి బుడగను పైకి పంపండి. రెండోది, కడుగు కుళాయి దొరకలేదని బాత్రూములకు దిగే పైపుకే ట్యూబు తగిలించడం. ఆ పైపులో నీళ్లు కదులుతుంటాయి కాబట్టి ఒత్తిడి తగ్గి, మట్టం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది.

ఇక లెక్క. సిమెంటు ట్యాంకు లోపలి కొలత 4 మీటర్లు × 3 మీటర్లు అనుకుందాం. వైశాల్యం 12 చదరపు మీటర్లు. మట్టం ఒక సెంటీమీటరు దిగితే 120 లీటర్లు, ఒక మిల్లీమీటరు దిగితే 12 లీటర్లు పోయినట్టు. లోపలి కొలతే తీసుకోవాలి. బయట కొలిచి గోడ మందం తీసేయడం మరిచిపోయే జట్లే ఎక్కువ. రెండు ట్యాంకులను అడుగున పైపుతో కలిపి ఉంటే రెండింటి వైశాల్యమూ కూడండి. అడ్డంగా పడుకోబెట్టిన గుండ్రటి ట్యాంకు ఈ పరీక్షకు పనికిరాదు, మట్టంతో పాటు వైశాల్యమూ మారిపోతుంటుంది.

సమయం రాత్రి 1:30 నుంచి 4:30 దాకా. పదకొండు గంటలకు హాస్టలు నిద్రపోతుందనుకునేది వార్డెను ఒక్కరే. మొదలుపెట్టే ముందు మోటారు స్విచ్చి ఆపించి, ఆటోమేటిక్ స్టార్టరు ఉంటే దాన్నీ ఆపించండి. ట్యాంకులోకి నీళ్లొచ్చే వాల్వు మూసి, వాచ్‌మన్‌కు విషయం చెప్పి ఉంచండి. లేకపోతే ఆయన అలవాటుగా నాలుగింటికి మోటారు వేస్తాడు, రాత్రంతా చేసిన పని పోతుంది.

అరగంటకోసారి మట్టం రాయండి. ఆరు విరామాల్లో దిగుడు 2.0, 1.0, 0.5, 0.5, 0.5, 1.0 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. సగటు తీయకండి. ఎవరో ఒకరు బాత్రూముకు లేస్తూనే ఉంటారు, అది వాడకం. పదేపదే కనిపించే కనిష్ఠం 0.5, అదే కారుడు. అరగంటకు 60 లీటర్లు, గంటకు 120, రోజుకు 2,880 లీటర్లు. ఇరవై నాలుగుతో గుణించడం ఇక్కడ చెల్లుతుంది. పైట్యాంకు నుంచి దిగే నీటి ఒత్తిడి రాత్రీ పగలూ ఇంచుమించు ఒకటే. మున్సిపల్ లైను నుంచి నేరుగా వచ్చే నీటికి ఇలా గుణించకూడదు. అందులో రాత్రి వాడకం తగ్గి ఒత్తిడి పెరుగుతుంది, కారుడూ పెరుగుతుంది.

ఒక రాత్రి చాలదు. మామూలు రోజు ఒకటి, శనివారం ఒకటి, సెలవుల్లో ఒకటి కొలవండి.

ఆ 2,880 ఇప్పుడు అందరి బల్ల మీదా ఉంది. ఫిజిక్సు వాళ్లు దాన్ని కరెంటులోకి మారుస్తారు. బోరులో నీటి లోతు, మేడ ఎత్తు కలిపి 100 మీటర్లు అనుకుంటే, వెయ్యి లీటర్లను అంత ఎత్తుకు తోడటానికి సిద్ధాంతరీత్యా 0.27 యూనిట్లు చాలు. మోటారు, పంపు కలిపి 40 శాతం సామర్థ్యం అనుకుంటే 0.68 అవుతుంది. అంటే కారిపోయే నీళ్ల కోసం రోజుకు దాదాపు 2 యూనిట్లు, ఏడాదికి 700 పైచిలుకు. గ్రిడ్డు కరెంటుకు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున అర టన్ను. కామర్సు వాళ్లు ‘బోరు నీళ్లు ఉచితం’ అన్న మాట దగ్గరే ఆగిపోకుండా, మేలో ట్యాంకరు తెప్పించిన బిల్లులు అడగాలి.

అసలు వాదన పుట్టేది తలసరి లెక్క దగ్గర. రిజిస్టరులో 240 మంది ఉంటే కారుడు రోజుకు తలకు 12 లీటర్లు. ఆదివారం ఊళ్లకు వెళ్లినవాళ్లు పోను 90 మందే ఉంటే తలకు 32. కారిన నీళ్లు అవే, మారింది భాగించిన అంకె. హాస్టళ్లకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రోజుకు తలకు చెప్పే 135 లీటర్లతో మీ భవనాన్ని పోల్చే ముందు ఆ రాత్రి నిజంగా ఎందరు పడుకున్నారో మెస్సు లెక్కతో సరిచూడండి. స్టాటిస్టిక్సు విద్యార్థికీ సోషియాలజీ విద్యార్థికీ ఇక్కడ మాటామాటా పెరగనివ్వండి. ఈ పాఠంలో శాఖలన్నీ నిజంగా కలిసేది అక్కడే.

కారుడు ఎక్కడో పట్టడానికి రెండు దారులు. మొదట ఫ్లష్ ట్యాంకుల్లో నాలుగు చుక్కల నీలిమందు వేసి 20 నిమిషాలు ఫ్లష్ చేయకుండా ఉంచండి. కమోడులోకి నీలం దిగితే లోపలి రబ్బరు వాషరు పోయినట్టే. పసుపు వాడొద్దు, అది కరగక అడుగున కూరుకుంటుంది. కుళాయిలకు చుక్కలు లెక్కపెట్టే శ్రమ అక్కర్లేదు. పది నిమిషాలు లోటా పెట్టి కొలవండి, 200 మిల్లీలీటర్లు నిండితే రోజుకు 28.8 లీటర్లు.

ఇవన్నీ కూడినా 2,880కి చాలా దూరంలో ఉంటే గోడలోనో నేలలోనో పైపు కారుతోంది. మరో రాత్రి గేట్‌వాల్వులు ఒక్కొక్కటే మూస్తూ అరగంట చొప్పున మట్టం చూడండి. 3వ నంబరు మూయగానే దిగుడు ఆగితే తప్పు ఆ లైనుదే. అన్నీ మూసినా దిగుతుంటే ట్యాంకే కారుతోందని తొందరపడకండి. పాత వాల్వు కింద ఇసుక చేరి పూర్తిగా మూసుకోకపోవడం మామూలు. నాలుగున్నరకల్లా అన్నీ తెరిచి, తెరిచినట్టు టిక్కు పెట్టండి.

తెలుగు శాఖ వాళ్లకు ఒక మాట. నీటిని పొదుపు చేయండి అన్న పోస్టరు వాషరును బాగుచేయదు. ప్రతి బాత్రూము తలుపు మీదా ‘ఇక్కడి కుళాయి నంబరు 14, కారితే వార్డెను గది దగ్గరి పుస్తకంలో రాయండి’ అని రాసిపెట్టి, నెల తర్వాత పుస్తకంలో ఎన్ని వరుసలు నిండాయో చూడండి.

ఇక్కడ నవంబరులో ఈశాన్య రుతుపవనం కుమ్మరిస్తుంది. 2021లో ఊళ్లో వీధులే మునిగాయి. అప్పుడు కారుడు ఎవరికీ కనపడదు. పరీక్ష మేలోనూ ఒకసారి చేయండి.

వాషర్లు మార్చాక అదే ట్యూబుతో, అదే వేళకు మళ్లీ కొలవాలి. వచ్చే పాఠం మెస్సులో ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్ల మీద. ఖాళీ 20 లీటర్ల క్యాను రెండు సిద్ధం చేసుకోండి.