జర్మనీకి చదువుకోడానికి వస్తున్నారా? మొహమాటం ఇంటి దగ్గరే వదిలి రండి

జర్మనీలో నేనుండే మాగ్డెబర్గ్ ఊళ్లో ప్రతి అక్టోబరులోనూ మన తెలుగు పిల్లలు బోలెడంతమంది దిగుతారు. వీసా గురించి, బ్లాక్డ్ అకౌంట్ (ఇక్కడి ఖర్చులకి ముందే డబ్బు వేసి, నెలనెలా కొంతే తీసుకోగలిగే బ్యాంకు ఖాతా) గురించి, సూట్‌కేసులో ఏ పచ్చళ్లు పెట్టుకోవాలనే దాని గురించి అందరూ చెప్పే ఉంటారు. వచ్చాక నిజంగా ఇబ్బంది పెట్టేది మాత్రం మన మొహమాటమే, అందుకే దాంతోనే మొదలుపెడుతున్నా.

జర్మన్ పిల్లలతో కలిసి షేరింగ్ ఫ్లాట్‌లో ఉంటున్నారనుకోండి. "కాఫీ తాగుతావా?" అని అడుగుతారు, మనం అలవాటుగా "వద్దులే" అంటాం, రెండోసారి అడుగుతారు కదా అని. అడగరు. వద్దన్నావు కాబట్టి వద్దు, అంతే, అందులో నిర్లక్ష్యం ఏమీ లేదు, మీ మాటని వాళ్లు ఉన్నదున్నట్టు తీసుకున్నారు. కావాలంటే మొదటిసారే కావాలనండి. అలాగే "చూద్దాంలే" అని తప్పించుకోవడం కూడా ఇక్కడ కుదరదు, వెంటనే ఫోన్‌లో క్యాలెండర్ తీసి ఏ రోజు, ఎన్నింటికి అని అడుగుతారు. రాలేకపోతే రాలేనని చెప్పేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. ప్రొఫెసర్ "అర్థమైందా?" అన్నప్పుడు మనలా తల అటూ ఇటూ ఊపితే అది అవునో కాదో ఆయనకి తెలీదు, కాబట్టి నోటితో చెప్పండి.

ఇల్లు దొరికిన రోజే చేయాల్సిన పని ఒకటుంది: కింద పోస్ట్ డబ్బా మీద మీ పేరు ఉందో లేదో చూసుకోండి. బ్యాంకు కార్డు పిన్, ఇన్సూరెన్స్ కాగితాలు, ట్యాక్స్ నంబరు, చాలావరకు అన్నీ ఉత్తరాల్లోనే వస్తాయి. డబ్బా మీద పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి వెళ్లిపోతుంది, పోస్ట్‌మ్యాన్ మన ఊళ్లోలా పక్కింటివాళ్లని వాకబు చేయడు. ఓనరు నేమ్‌ప్లేట్ పెట్టేదాకా ఆగకుండా, పాస్‌పోర్ట్‌లో ఉన్న ఇంటిపేరు కాగితం మీద రాసి టేపుతో అంటించేయండి.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు టౌన్ ఆఫీసులో అడ్రస్ రిజిస్టర్ చేయించుకోవాలి, దీన్నే ఆన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఓనరు సంతకం చేసిన కాగితం ఒకటి కావాలి, అగ్రిమెంట్ రాసుకునేటప్పుడే అడిగి తీసుకోండి, తర్వాత ఆయన వెంట పడటం కష్టం. ఇక్కడ ఏ పనికైనా టెర్మీన్ ఉండాలి, అంటే ముందే బుక్ చేసుకున్న టైమ్. రెండు వారాల్లోపు దొరక్కపోతే దొరికిన తేదీకి బుక్ చేసి ఆ కన్ఫర్మేషన్ దాచుకోండి. రిజిస్టర్ అయ్యాక బ్రాడ్‌కాస్టింగ్ ఫీజు (పబ్లిక్ టీవీ, రేడియోల కోసం కట్టేది) కట్టమని ఉత్తరం వస్తుంది, ఇంటికి నెలకు 18.36 యూరోలు. మా ఇంట్లో టీవీ లేదుగా అని దాన్ని చెత్తబుట్టలో పడేయకండి. టీవీ ఉన్నా లేకపోయినా కట్టాల్సిందే, కాకపోతే ఇంట్లో ఎంతమంది ఉన్నా ఒక్క ఫీజే కాబట్టి పంచుకోవచ్చు.

ఇక వంట, చప్పుడు. సాధారణంగా రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా, ఆదివారమైతే రోజంతా నిశ్శబ్దం పాటించాలి. ఆదివారం పొద్దున్నే ఇడ్లీలోకి చట్నీ అని మిక్సీ తిప్పితే కింది ఫ్లాట్‌వాళ్ల నిద్ర పోతుంది, అందుకని శనివారం సాయంత్రమే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పనిలో పనిగా సరుకులు కూడా శనివారమే తెచ్చుకోవాలి, ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలో ఒకటో రెండో తెరిచి ఉంటాయి, అంతే. ఎప్పుడైనా తలుపుకి చీటీ అంటించి కనిపిస్తే, "ఆదివారం 8కి మిక్సర్ చప్పుడు వస్తోంది, దయచేసి ఆపండి" అని, కింద పేరుతో సహా, భయపడకండి. అది గొడవ కాదు, ఇక్కడివాళ్లు విషయం చెప్పే పద్ధతి అది. అదే రోజు వెళ్లి బెల్ కొట్టి, సారీ చెప్పి, ఏ టైమ్‌లో అయితే ఇబ్బంది లేదో అడగండి. నేను చూసినంతవరకు ఆ తర్వాత వాళ్లే మంచి పరిచయస్తులవుతారు. పోపు పెట్టేటప్పుడు వంటింటి తలుపు మూసి కిటికీ పూర్తిగా తెరవండి, లేదంటే స్మోక్ అలారం మోగుతుంది. చలికాలంలో కూడా రోజుకి రెండుమూడుసార్లు కిటికీలు బార్లా తెరిచి ఐదు నిమిషాలు ఉంచండి, గోడలకి బూజు పడితే ఓనరుకిచ్చిన అడ్వాన్స్‌లోంచి కోస్తారు.

యూనివర్సిటీలో టైమ్‌టేబుల్ మీద 10 పక్కన సి.టి. అని ఉంటే క్లాసు 10:15కి, ఎస్.టి. అని ఉంటే సరిగ్గా 10కి. లెక్చర్ అయిపోగానే అందరూ బల్లల మీద టకటకా కొడతారు, అది చప్పట్లకి బదులు, మీరూ కొట్టండి. మార్కుల్లో 1.0 అన్నిటికన్నా మంచిది, 4.0 వస్తే పాస్, 5.0 అంటే ఫెయిల్. అన్నిటికన్నా ముఖ్యం, క్లాసుకి వెళ్లినంత మాత్రాన పరీక్ష రాయనివ్వరు, పరీక్షకి విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, చాలా కోర్సుల్లో ఒక పరీక్షకి మూడు అవకాశాలే ఉంటాయి. గడువు దగ్గర పడుతోందని ఎవరూ ఫోన్ చేసి గుర్తు చేయరు.

ఖాళీ బాటిళ్లు పారేయకండి, కొనేటప్పుడే కట్టిన డిపాజిట్‌కి గుర్తు ముద్రించి ఉన్న డిస్పోజబుల్ ప్లాస్టిక్ బాటిల్‌కి, క్యాన్‌కి 25 సెంట్లు వెనక్కి వస్తాయి, నలిపేస్తే మాత్రం సూపర్‌మార్కెట్‌లో వాటిని వెనక్కి తీసుకునే మెషీన్ తీసుకోదు. పుట్టినరోజు శుభాకాంక్షలు ముందురోజు చెప్పకండి, అది అశుభమని నమ్ముతారు. మీ పుట్టినరోజుకి కేక్ మీరే తీసుకెళ్లాలి.

డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది, చాలామందికి అప్పుడే దిగులు పట్టుకుంటుంది. ఇక్కడ చెప్పకుండా ఇంటికొచ్చి పలకరించేవాళ్లు తక్కువ, కాబట్టి బాగోలేకపోతే బాగోలేదని మీరే ఫ్రెండ్‌కి చెప్పండి, రమ్మని అడగండి, వస్తారు. చాలా ఊళ్లలో స్టూడెంట్ సర్వీసెస్ వాళ్ల దగ్గర విద్యార్థులకి కౌన్సెలింగ్ ఉంటుంది, వాడుకోండి. రాత్రిపూటో ఆదివారమో జ్వరం వచ్చి క్లినిక్‌లు మూసి ఉంటే 116117కి, ప్రాణం మీదకి వస్తే 112కి ఫోన్ చేయండి.